మీ ఊరి లైబ్రరీలో రైలు చరిత్ర ప్రదర్శన పెట్టాలంటే

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఏటా అవే వ్యాసరచన పోటీలు, అదే వక్తృత్వం, చివరి రోజు బహుమతులు, గ్రూపు ఫోటో. ఈసారి ఇంటిల్లిపాదీ కలిసి వచ్చేలా ఏదైనా చేద్దామని మీ శాఖా గ్రంథాలయం వాళ్లు అనుకుంటున్నా, మీరే రైల్వేలో రిటైరై ఖాళీగా ఉన్నా, రైళ్లంటే పిచ్చి ఉన్న టీచరైనా, ఊరి రైలు చరిత్ర మీద చిన్న ప్రదర్శన పెట్టండి. పెద్ద ఖర్చు ఉండదు. తిరగడం మాత్రం బాగా ఉంటుంది, కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టాలి.

రైలు చరిత్ర అనగానే అందరూ 1853 ఏప్రిల్ 16, బోరీబందర్ నుంచి ఠాణే అని ఎత్తుకుంటారు. ఆ చార్టు పక్కన గాంధీగారు రైలు దిగుతున్న ఫోటో, ఆ పక్కన వందేభారత్. ఇవన్నీ పిల్లల ఫోన్లోనే ఉన్నాయి, దానికి లైబ్రరీ దాకా రావడం ఎందుకు? మీ ప్రదర్శనలో ఉండాల్సింది మీ స్టేషను. అది ఎప్పుడు వచ్చింది, ఎందుకు అక్కడే వచ్చింది, అంతకుముందు జనం ఎలా వెళ్లేవారు, అక్కడ ఎవరెవరు పనిచేశారు. మిగతా దేశం సంగతి ఒక్క చార్టులో చెప్పి ఊరుకోవచ్చు, అసలు చెప్పకపోయినా కొంప మునగదు.

ముందు ఒక ప్రశ్న పట్టుకోండి

"మన ఊరి రైల్వే చరిత్ర" అని పేరు పెడితే ఎవరూ రారు. ఒక ప్రశ్న పెట్టండి. రాజమండ్రిలో అయితే ప్రశ్న కళ్లెదుటే ఉంది: గోదావరి మీద రైలు వంతెనలు మూడెందుకు? కాజీపేటలో అయితే, ఇంత పెద్ద జంక్షను ఇక్కడే ఎందుకు పడింది? (1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయ్యాకే మద్రాసు నుంచి ఢిల్లీకి ఇటుగా నేరుగా దారి ఏర్పడింది.) శ్రీకాకుళం జిల్లా నౌపడలో, పర్లాకిమిడి రాజావారికి సొంత రైలు ఎందుకు కావలసి వచ్చింది? కాకినాడ, కోటిపల్లి వైపు అయితే అది కథ కూడా కాదు, డిటెక్టివ్ కేసు: 1928లో వేసిన లైను, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో 1940లో పట్టాలు పీకేసి పట్టుకుపోయారు, మళ్లీ 2004కి గానీ రైలు రాలేదు. మధ్యలో రెండు తరాలు ఆ కట్ట చూసి "ఇక్కడ రైలుండేదట" అనుకుంటూ బతికాయి. కొత్తవలస వాళ్లకు కిరండూల్ లైనులో 58 సొరంగాలున్నాయి, పిల్లలకు ఇంకేం కావాలి.

ప్రశ్న కుదిరాక ఏ వస్తువు పెట్టాలి, ఏది వద్దు అన్నది దానంతట అదే తేలిపోతుంది. ప్రశ్నకు జవాబు చెప్పని ఫోటో ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి.

నేను రాజమండ్రినే ఉదాహరణగా తీసుకుని చెబుతాను, మీరు మీ ఊరికి మార్చుకోండి. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే బెజవాడ నుంచి కటకం వైపు 1893–96 మధ్య ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది, కానీ గోదావరి దగ్గర పట్టా ఆగిపోయింది. కొవ్వూరులో దిగి, పడవలో ఏరు దాటి, ఇవతల మళ్లీ రైలెక్కాలి. సామాను, పిల్లాజెల్లా, వరద రోజులు, ఇదంతా ఊహించుకోమనండి. హేవ్‌లాక్ వంతెన పని 1897లో మొదలై 1900లో రైళ్లు నడిచాయి. అప్పటి మద్రాసు గవర్నరు పేరు అది. తర్వాత 1974లో కింద రైలు, పైన రోడ్డుతో రెండోది. మూడోది, ఇప్పుడు అందరూ ఫోటోలు తీసుకునే ఆర్చి వంతెన; అది వచ్చాక 1997లో హేవ్‌లాక్‌కు విశ్రాంతి ఇచ్చారు. ఇక్కడ పిల్లలకు ఒక లెక్క ఇవ్వండి: పాత వంతెనకు 56 ఖానాలు (రెండు స్తంభాల మధ్య ఉండే ఒక్కో భాగం ఒక ఖానా), ఆర్చి వంతెనకు 28. నది అదే, ఖానాలు సగమయ్యాయి. ఎందుకు? అప్పటి ఇనప గర్డరు ఒక్కొక్కటి దాదాపు 46 మీటర్లు, ఇప్పటి కాంక్రీటు ఆర్చి ఒక్కొక్కటి 97 మీటర్ల పైచిలుకు. స్తంభాలు తగ్గితే నీళ్లలో పని తగ్గుతుంది. ఏడో తరగతి పిల్లవాడికి చెప్పకుండానే అర్థమవుతుంది, కాగితం మీద రెండూ ఒకే స్కేలులో గీసి ఒకదాని కింద ఒకటి పెడితే చాలు.

తేదీల దగ్గర జాగ్రత్త. హేవ్‌లాక్ వంతెనకు ఒకరు 1897 అని రాస్తారు, ఇంకొకరు 1900 అని. ఇద్దరిదీ తప్పు కాదు, ఒకటి పని మొదలైన ఏడు, రెండోది రైలు నడిచిన ఏడు. మీ చార్టులో ఉత్త అంకె వేయకుండా ఆ ఏడు ఏం జరిగిందో కూడా రాయండి. లేకపోతే ప్రదర్శన మొదటి రోజే ఒక పెద్దాయన చేతికర్రతో చార్టు మీద కొట్టి మరీ తప్పు చూపిస్తారు, మీరు జవాబు చెప్పలేక నిలబడాలి.

సమాచారం ఎక్కడ దొరుకుతుంది

మొదట మీ లైబ్రరీ బీరువాల్లోనే. నిజంగా. పాత జిల్లా గెజిటీర్లు (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన పుస్తకాలు), స్థానిక సంస్థలు వేసిన సావనీర్లు, ఎవరో దానం చేసిన రైల్వే టైంటేబుళ్లు, వీటిని తీసి చూసినవాళ్లుండరు. గోదావరి జిల్లాకు 1907 నాటి గెజిటీరు ఉంది, అంటే వంతెన కొత్తగా ఉన్న రోజుల్లో రాసినది. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక పాత సంచికలు ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసింది. రైళ్ల గురించి వార్తలకంటే ప్రకటనలూ పాఠకుల ఫిర్యాదులూ ఎక్కువ పనికొస్తాయి. రైలు లేటు మీద మన తాతలు ఏం తిట్టుకున్నారో చదివితే ఇప్పటివాళ్లకు ప్రాణం లేచొస్తుంది.

ఆ తర్వాత మనుషులు. ప్రతి రైల్వే ఊళ్లోనూ పెన్షనర్ల సంఘం ఒకటి ఉంటుంది, అక్కడికి వెళ్లండి. కానీ "మీ అనుభవాలు చెప్పండి సార్" అని అడగొద్దు. అలా అడిగితే ఏ సంవత్సరంలో ఏ ప్రమోషను వచ్చిందో చెబుతారు, మీ నోటుబుక్కు నిండుతుంది, ప్రదర్శనకు ముక్క పనికిరాదు. "నైట్ డ్యూటీకి వెళ్లేటప్పుడు సంచిలో ఏం పెట్టుకునేవారండీ?" అనండి. "బొగ్గింజను మీద భోజనం ఎలా చేసేవారు?" అనండి. బొగ్గింజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేసినాయన ఎవరైనా ఇంకా ఉంటే మిగతా పనులన్నీ ఆపి ముందు ఆయన దగ్గరికి వెళ్లండి, ఆ పని చేసినవాళ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నారు.

ఆయనతో మాట్లాడి లేచి వచ్చేయకుండా ఇంట్లో అమ్మగారితో కూడా కూర్చోండి. రైల్వే క్వార్టర్స్ జీవితం తెలిసింది వాళ్లకే. అర్ధరాత్రి కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టి "డ్యూటీ" అని సంతకం పెట్టించుకుని వెళ్లేవాడు, అప్పుడు లేచి క్యారేజీ కట్టింది ఎవరు మరి? ఇలాంటి ఒక్క మాట రికార్డు చేసి, ఫోనులో ఇయర్‌ఫోన్లు పెట్టి బల్ల మీద ఉంచితే, నాలుగు ఫ్లెక్సీల పెట్టు. అనుమతి మాత్రం కాగితం మీద తీసుకోండి, పేరు వేయాలా వద్దా అన్నది కూడా అడగండి.

1974 ఒక్కటే ఒక గోడ

తాతయ్యలూ అమ్మమ్మలూ పిల్లలకు చెప్పగలిగే కాలం నుంచి ఒక ఏడు తీసుకుని గోడంతా దానికే ఇచ్చేయడం నాకు తెలిసిన అన్నిటికంటే మంచి ఉపాయం. మా వైపు అది 1974. ఫిబ్రవరి 1న వాల్తేరు, హైదరాబాదుల మధ్య గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలైంది. మే 8న దేశమంతా రైల్వే సమ్మె, ఇరవై రోజులు. అదే ఏడు రాజమండ్రి–కొవ్వూరు రోడ్డు కమ్ రైలు వంతెన. అదే ఏడు థర్డ్ క్లాసు అన్న పేరే రైళ్లలోంచి పోయింది. నాలుగు విషయాలు, ఒక్క ఏడు, మీ పాఠకుల్లో డెబ్భై దాటినవాళ్లందరికీ ఎంతోకొంత గుర్తుంటుంది.

సమ్మె సంగతి వదిలేద్దాం, పిల్లల ప్రదర్శన కదా అని కొందరు అంటారు. వదలొద్దు. ఆ ఇరవై రోజుల్లో ఉద్యోగాలు పోయిన ఇళ్లున్నాయి, క్వార్టర్లు ఖాళీ చేయమన్న ఇళ్లున్నాయి, డ్యూటీకి వెళ్లినందుకు అన్నదమ్ముల మధ్య మాటలు పోయిన ఇళ్లూ ఉంటాయి. ఎవరిదీ తప్పని రాయకండి, ఏం జరిగిందో రాయండి. పిల్లలు అడుగుతారు, పెద్దవాళ్లు చెబుతారు.

వస్తువులు: ఏవి తీసుకోవచ్చు, ఏవి వద్దు

మీరు ప్రదర్శన పెడుతున్నారని తెలియగానే జనం పాత ఇనుము మోసుకొస్తారు. ఫిష్‌ప్లేటు, పట్టా ముక్క, డాగ్ స్పైకు, ఇలాంటివి. వద్దండి బాబూ. రైల్వే సామాను అక్రమంగా ఉంచుకోవడం మీద 1966 నాటి చట్టం ఉంది, "మా నాన్నగారి అటక మీద దొరికింది" అన్నది జవాబు కాదు, ఇబ్బంది పడేది లైబ్రేరియన్‌గారు. వేలంలో కొన్న రసీదు ఉన్నవి, లేదా రైల్వేవాళ్లే రాసి ఇచ్చినవి మాత్రమే పెట్టండి. డివిజన్ ఆఫీసులో పీఆర్వోకు లైబ్రరీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాస్తే (రాజమండ్రి విజయవాడ డివిజన్ కిందికి వస్తుంది) లాంతర్లు, పాత సిగ్నలు రెక్క, జెండాలు లాంటివి ఇప్పించే అవకాశం ఉంటుంది. జవాబుకు టైం పడుతుంది కాబట్టి ఈ ఉత్తరమే అన్నిటికంటే ముందు వెళ్లాలి.

ఇంకోటి, ఇది సీరియస్. పాత గార్డు పెట్టెల్లో డిటొనేటర్లు ఉండవచ్చు, పొగమంచులో పట్టా మీద పెట్టే గుండ్రటి రేకు బిళ్లలు. పేలతాయి. ఎవరైనా పెట్టె తెస్తే లైబ్రరీలో తెరవకండి, ముందు వాళ్ల ఇంటి బయటే, తెలిసిన రైల్వే మనిషి సమక్షంలో చూడమనండి. అలాంటి బిళ్ల కనిపిస్తే ముట్టుకోకుండా రైల్వే పోలీసులకు చెప్పాలి.

కాగితాల విషయానికొస్తే ఒరిజినల్ ఏదీ గోడకెక్కించకండి. సర్వీసు సర్టిఫికెట్లు, పాసులు, ఫోటోలు అక్కడే స్కాన్ చేసి అక్కడే తిరిగి ఇచ్చేయండి. వస్తువు తీసుకోక తప్పదంటే రిజిస్టరులో రాయండి: ఎవరిది, ఏ స్థితిలో ఉంది, ఎప్పుడు తిరిగిస్తారు, ఇద్దరి సంతకాలు, ఫోటో. టోపీ మీద ఉన్న మరక కూడా ముందే ఉందని రాసుకోవాలి.

నేల మీద మూడు గేజులు

పిల్లలకు అద్దం వెనక ఉన్నవి అక్కర్లేదు. నేల కావాలి. రంగు టేపు మూడు రోళ్లు తెచ్చి వరండాలో మూడు జతల గీతలు వేయండి. బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, మీటర్‌గేజ్ 1000, నౌపడ లైనులో ఒకప్పుడు నడిచిన చిన్న రైలుది 762. ఈ కొలత పట్టాల లోపలి అంచు నుంచి లోపలి అంచుకు, కాబట్టి టేపు మధ్య నుంచి కొలవకండి, లోపలి వైపు నుంచి కొలవండి. సుద్దముక్కతో ముందు గుర్తులు పెట్టుకుని, తాడు లాగి, తర్వాత టేపు అంటించాలి, లేకపోతే గీత వంకర పోతుంది. పక్కనే రాయండి: "ఒక్క అడుగులో ఏది దాటగలవు?" నాలుగేళ్ల పిల్ల చిన్నదాన్ని దాటుతుంది, మధ్యదాని దగ్గర ఎగురుతుంది, పెద్దదాని దగ్గర నాన్న చెయ్యి పట్టుకుంటుంది. ఈలోపు నాన్నకు మీరు చెప్పాల్సింది చెప్పండి: గేజు మారిన చోట సామానంతా ఒక బండిలోంచి దించి ఇంకో బండిలోకి ఎక్కించాల్సి వచ్చేది, గుంటూరు, గుంతకల్లు వైపు మీటర్‌గేజ్ నడిచినన్నాళ్లూ జంక్షన్లలో కూలీలకు అదే పని.

టోకెను ఆట

సింగిల్ లైను మీద రెండు రైళ్లు ఎదురెదురుగా రాకుండా ఎలా ఆపేవారు? ఈ ఆట ఆడిస్తే పెద్దవాళ్లు కూడా కదలరు. రెండు బల్లలు రెండు స్టేషన్లు, ఒక్కో బల్ల దగ్గర ఒక పిల్ల స్టేషన్ మాస్టరు, మధ్యలో టేపు గీత మీద రైళ్లు (పిల్లలే రైళ్లు). ఒకే ఒక్క బంతి, అదే టోకెను. బంతి చేతిలో ఉన్న డ్రైవరుకే బయల్దేరే హక్కు. అసలు పద్ధతిలో రెండు స్టేషన్లలోనూ ఒక్కో మిషను, నిండా ఇనప బంతులు, రెంటినీ కరెంటు తీగ కలుపుతుంది; అవతలి మాస్టరు ఒప్పుకుంటే గానీ బంతి బయటికి రాదు, ఒకటి బయట ఉండగా రెండోది అస్సలు రాదు. ఆ బంతిని తోలు సంచిలో వేసి, పెద్ద బెత్తం రింగుకు కట్టి, ఆగకుండా వెళ్లే రైలుకు అందించేవాళ్లు. డ్రైవరు పక్కనున్నాయన చెయ్యి రింగులోకి దూర్చి అందుకునేవాడు. రింగు పాత సైకిల్ టైరుతో చేయవచ్చు, సంచికి గుడ్డ చాలు. ఒకసారి ఆడాక మాస్టర్లలో ఒకరిని బంతి లేకుండానే రైలు వదిలేయమని చెవిలో చెప్పండి. మధ్యలో ఇద్దరూ ఢీకొట్టుకుంటారు, నవ్వులే నవ్వులు, నియమం ఎందుకుందో మళ్లీ వివరించక్కర్లేదు.

లోపలికి రాగానే ప్రతి పిల్లకూ అట్ట టికెట్టు ఇవ్వండి. ఒకప్పటి అట్ట రైలు టికెట్లు, అంటే ఎడ్మన్సన్ టికెట్లు, దాదాపు 57 మిల్లీమీటర్ల పొడవు, 30 వెడల్పు. పాత శుభలేఖల అట్ట సరిగ్గా సరిపోతుంది, వెనక అక్షింతలు అంటిన మరక ఉంటే ఉండనివ్వండి. "గోదావరి నుంచి కొవ్వూరు, థర్డ్ క్లాసు" అని వేయించండి (గోదావరి అన్నది రాజమండ్రిలో ఒక స్టేషను పేరు), థర్డ్ క్లాసంటే ఏంటని అడిగితే 1974 గోడ దగ్గరికి పంపండి. బయటికి వెళ్లేటప్పుడు పంచింగ్. పంచ్ మిషను ఒక తాతగారి చేతికి ఇచ్చి కుర్చీ వేయండి, ఆయన ప్రదర్శన ఉన్నన్ని రోజులూ వస్తారు.

గదీ, గోడా, రాతా

మన లైబ్రరీల్లో రీడింగ్ హాలు నిండా గ్రూప్స్‌కూ కానిస్టేబుల్ పరీక్షలకూ చదువుకునేవాళ్లే. వాళ్ల నెత్తిన కూత పెట్టొద్దు, వాళ్లకు అదే చోటు. ప్రదర్శనను బాలల విభాగంలోనో వరండాలోనో పెట్టి, ఆటలు సాయంత్రాలకూ ఆదివారానికీ ఉంచండి. రైలు కూత రికార్డింగులు ఇయర్‌ఫోన్లలోనే.

చార్టు మీద రాత తక్కువ, అక్షరం పెద్దది. పిల్లలకు చదవాల్సింది వాళ్ల కళ్ల ఎత్తులో, పెద్దలకు రాసింది పైన. చూసేవాళ్లను మాట్లాడించే వాక్యం రాయండి: "ఈ ఫోటోలో లాంతరు ఎవరి చేతిలో ఉంది?" అన్నిటికీ ఫ్లెక్సీ కొట్టించకండి, కళ్లు లాగేస్తాయి, పైగా ఫోటో అంత పెద్దదయ్యేసరికి ముఖాలు కనపడవు. ఒక ఫ్లెక్సీ బయట గేటుకు, లోపల చార్టులూ చేతిరాతా చాలు.

ఒక గోడ ఖాళీగా వదలండి. మధ్యలో రైల్వే మ్యాపు, పక్కన రంగు చీటీలు, పైన ఒకటే ప్రశ్న: "మీ ఇంట్లో మొట్టమొదట రైలెక్కింది ఎవరు, ఎక్కడికి, ఎందుకు?" తిరుపతి మొక్కు, మద్రాసు ఆసుపత్రి, పెళ్లయ్యాక అత్తారింటికి, భిలాయ్‌లో ఉద్యోగం, ఇలా వస్తూనే ఉంటాయి. రాయడం రాని పెద్దవాళ్లకు మనవడో మనవరాలో రాసిపెడతారు, పక్కన ఒక వాలంటీరు ఉంటే మంచిది. కొవ్వూరు నుంచి వచ్చినవాళ్లు గోదావరిలో వేసిన పైసలు లెక్కపెడతారేమో కూడా, చెప్పలేం.

స్టేషనుకు తీసుకెళ్లాలనుకుంటే స్టేషన్ మేనేజరుకు ముందే చెప్పి, ప్లాట్‌ఫాం టికెట్లు తీసుకుని, ప్లాట్‌ఫాం మీద మాత్రమే. పసుపు బోర్డు చివర సముద్రమట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది, దాన్ని పిల్లలతో రాయించి పక్క ఊరి స్టేషనుతో పోల్చమనండి. పట్టాల మీదికి దిగి ఫోటోలు వద్దు, ఎంత అడిగినా వద్దు. వంతెన చూడాలంటే గోదావరి గట్టు మీంచి హాయిగా కనిపిస్తుంది.

అయిపోయిన మర్నాడే వస్తువులు వెనక్కి ఇచ్చేయండి, రిజిస్టరులో సంతకం తీసుకుని. స్కాన్లూ రికార్డింగులూ ఎవరివో, ఎప్పటివో ఫైలు పేరులోనే రాసి పెన్‌డ్రైవ్‌లో వేసి లైబ్రరీకి ఒకటి, పెన్షనర్ల సంఘానికి ఒకటి ఇవ్వండి. చీటీలను మాత్రం పారేయకుండా ఫైలులో గుచ్చి బీరువాలో పెట్టించండి, గెజిటీరు పక్కనే.